దూది దగ్గు

ఆ వీధిలో దూదమ్మను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. పద్దెనిమిదేళ్ళ వయసులో పరుపుల కార్ఖానా గడప తొక్కింది. ఈ ముప్ఫై నాలుగేళ్ళలో జుట్టులోనో కనుబొమల్లోనో బట్టల మడతల్లోనో దూదిపోగులు లేకుండా ఆమె ఇల్లు చేరిన రోజు లేదు. ఇల్లంటే దూరమేం కాదు, కార్ఖానా మీది రెండు గదులే. మెట్లెక్కుతుంటే ఆమెకంటే ముందు దూదే ఎక్కుతుంది. "నేను పోయాక నన్ను కూడా ఏకి ఏ పరుపులోనన్నా కుక్కేయండే, ఎవరో ఒకరు హాయిగా నిద్రపోతారు" అంటుంది నవ్వుతూ.

కింద వరసగా మూడు గదులు. మొదటి గదిలో దూది ఏకే మిషను. జనం పడుకుని పడుకుని గట్టిపడిన పాత పరుపులు ఇక్కడికొస్తాయి. వాటి పొట్ట కోసి, రాళ్ళలాంటి ఉండలను అల్లుడు మిషను నోట్లో వేస్తాడు. అటువైపు నుంచి మబ్బు బయటికొస్తుంది. నడిమి గదిలో కిటికీ పక్కన కూతురు పరుపు గుడ్డలు కత్తిరించి కుడుతుంది. మూడో గది దూదమ్మది. గుడ్డలో దూది నింపి, పరిచి, దబ్బనంతో అటునుంచి ఇటు కుట్లు వేసి బిగిస్తుంది. కుట్టేముందు కళ్ళు మూసుకుని రెండు అరచేతులతో పరుపంతా తడుముతుంది. లోపల ఒక్క గింజ ఉన్నా, పిడికెడంత దూది ఒక పక్కకి ఎక్కువ జరిగినా ఆ అరచేతులకి తెలిసిపోతుంది. కళ్ళతో చూస్తే మోసపోతామంటుంది.

పొద్దున పదిగంటలప్పుడు పై కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతుంది. ఆ వెలుగులో దూది నుసి పైకీ పోదు, కిందికీ రాదు. గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంటుంది. మనుషులు మెల్లగా ఈదుతున్నట్టు కదులుతారు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగిపోయి, ఎంత బావుందో అంటారు. ఆ తర్వాత దగ్గుతారు.

అక్కడ అందరూ దగ్గుతారు. దాన్ని జబ్బని ఎవరూ అనరు, దూది దగ్గు అంటారు. కార్ఖానాలో చేరిన మూడు నెలలకి ఎవరి దగ్గు వాళ్ళకి స్థిరపడుతుంది. చూడకుండానే ఎవరొస్తున్నారో చెప్పేయొచ్చు. అల్లుడిది పొద్దున్నే స్టార్టవని స్కూటరు. కూతురిది రెండంటే రెండు పొడి దగ్గులు, బట్టకి చివర కత్తెర పడ్డట్టు. యజమాని ఎప్పుడైనా లోపలికొస్తే రుమాలు అడ్డంపెట్టుకుని ఒక్కసారి దగ్గి వెళ్ళిపోతాడు. ఆయనది మర్యాద దగ్గు. సెలవు తర్వాత పనిలోకొచ్చిన మొదటిరోజు మాత్రం అందరికీ ఛాతీ పట్టేసి దగ్గు రెట్టింపవుతుంది. "చూశారా, సెలవులిస్తే మీకే పడట్లేదు" అని యజమాని హాస్యమాడతాడు. నుసిని బయటికి లాగే ఫ్యాను పెట్టించమని మూడేళ్ళుగా అడుగుతున్నారు. ఆ మాటకి మాత్రం ఆయన దగ్గర హాస్యం లేదు, జవాబూ లేదు.

ఈ ఏడు కూతురికి రెండో కాన్పయింది. మళ్ళీ ఆడపిల్లే. ఇరవయ్యో రోజుకే కూతురు కుట్టుమిషను ముందు కూర్చుంది. కూర్చోకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. బాలింతకి విశ్రాంతి కావాలని గోడమీద కాగితాలు అంటించే వాళ్ళెవరూ ఆ కుర్చీ సంగతి చూడరు. అందుకని దూదమ్మే తన పని సగానికి తగ్గించుకుని, మధ్యాహ్నం నుంచి పైగదిలో పాపను చూసుకునేది.

ఆ మధ్యాహ్నాలు ఆమె జీవితంలో ఎన్నడూ ఎరగనివి. నేలమీద తను కుట్టిన పరుపే పరుచుకుని వెల్లకిలా పడుకునేది. పాపను రొమ్ముమీద బోర్లా పడుకోబెట్టుకునేది. కింద మిషను ఒకే శ్రుతిలో హోరుమంటుంటే నేల సన్నగా వణికేది. కళ్ళు మూతలు పడేవి. పాప బరువు ఒకసారి పిడికెడు దూదిలా, ఒకసారి ఇల్లంత పరుపులా తోచేది. ఎవరు ఎవరిమీద పడుకున్నారో, ఎవరి గుండె కొట్టుకుంటోందో తెలిసేది కాదు. మధ్యలో దగ్గొస్తే పాప అదిరిపడకుండా దూదమ్మ మెడ పక్కకి తిప్పుకుని దగ్గేది. అంతే. దగ్గు కదా, ఎప్పుడూ ఉండేదే.

టీకాల నర్సమ్మ మొదటిసారి వచ్చినప్పుడు పాపకి సరిగ్గా ఆరువారాలు. నర్సమ్మ సన్నగా, ఎప్పుడూ పరుగులో ఉన్నట్టుంటుంది. నలుగురు చెయ్యాల్సిన వీధుల్ని ఒక్కతే తిరుగుతుంది.

"బుధవారం ఆరోగ్య కేంద్రానికి తీసుకురండి దూదమ్మగారూ. మొదటి టీకా. కోరింత దగ్గు, ధనుర్వాతం, ఇంకా కొన్నిటికి కలిపి ఒకే సూది."

"మిగతావి ఏమైనా వెయ్యి. ఆ దగ్గుది మాత్రం వద్దు" అంది దూదమ్మ.

"విడిగా ఉండదమ్మా. అన్నీ కలిపే ఉంటుంది."

"అయితే ఏదీ వద్దు."

నర్సమ్మ కూతురి వైపు చూసింది. కూతురు తల్లి వైపు చూసింది. "అమ్మ చూసుకుంటోంది కదండీ పాపని. అమ్మ ఎలా అంటే అలా" అని మెట్లు దిగిపోయింది. ఆ గొంతులో ఒప్పుకోలు లేదు, అలాగని ఎదురూ లేదు. తను పనిలోకి వెళ్ళాలంటే తల్లి ఒడి కావాలి, ఆ ఒడి కావాలంటే తల్లి మాట వినాలి. రోజూ అదే లెక్క.

దూదమ్మ మొండితనానికి కారణం పెద్ద మనవరాలు. ఇప్పుడు దానికి ఐదేళ్ళు. నోరు తెరిస్తే మిషనుకన్నా ఎక్కువ హోరు. కానీ ఏడాదిన్నర వయసులో ఇదే టీకా మరో విడత వేయించుకొచ్చిన సాయంత్రం దాని ఒళ్ళు పెనంలా కాలింది. దూదమ్మ ఒళ్ళో ఉండగానే దాని కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. కాళ్ళూ చేతులూ లాక్కుపోయి, ఎవరో తాడు కట్టి ఆడిస్తున్నట్టు కొట్టుకున్నాయి. రెండు నిమిషాలో మూడు నిమిషాలో. ఆ రెండు నిమిషాలు దూదమ్మ ఒంట్లో ఇంకా అయిపోలేదు. ఇప్పటికీ పగటి కునుకులో కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి, ఆమె ఉలిక్కిపడి లేచి తన ఒళ్ళోకి చూసుకుంటుంది.

ఆరోజు ఆస్పత్రిలో ఒక కుర్ర డాక్టరు పిల్లని పరీక్ష చేసి, "ఏం లేదు, తీసుకెళ్ళండి" అన్నాడు. "సూది వల్లే కదండీ?" అని దూదమ్మ అడిగింది. "సూదికీ దీనికీ సంబంధం లేదమ్మా, అనవసరంగా పుకార్లు పుట్టించకండి" అన్నాడు. కళ్ళతో చూసినదాన్ని పుకారన్నవాడి మాట ఆమె ఆరోజే వదిలేసింది. వాడితోపాటు వాడి వెనకున్న పెద్ద భవనాన్నీ, అందులోని మందుల్నీ, చీటీల్నీ అన్నిటినీ వదిలేసింది. జనానికి టీకాలంటే అపోహలని సభల్లో వాపోయేవాళ్ళు, ఆ అపోహలు ఎవరి నోటి దురుసువల్ల పుట్టాయో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకుంటే బావుండును.

నర్సమ్మ రెండు బుధవారాలు ఎదురుచూసింది. పాప వెళ్ళలేదు.

ఆ రోజుల్లోనే కింద మిషను మోటారు కాలిపోయింది. కొత్త మోటారు వచ్చేదాకా పని లేదు. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి కార్ఖానా వరసగా ఇన్నిరోజులు నోరు మూసుకుంది. మొదటి రెండురోజులు ఆ నిశ్శబ్దానికి దూదమ్మకి నిద్రే పట్టలేదు. మూడోరోజు గాలి తేటపడింది. కిటికీలోంచి పడే ఎండలో ఏమీ లేదు, ఉత్త ఎండ. ఎదురింటి గోడమీది పగుళ్ళు కనిపించాయి. వీధి చివర ఎవరో పక్కింటివాళ్ళతో గొడవపడుతున్న మాటలు ఒక్కొక్కటీ విడివిడిగా వినిపించాయి. లోకం ఇంత దగ్గరగా ఉందా అనిపించింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆ తేట వెలుగులో పాపని పక్కన పడుకోబెట్టుకుని మగతగా చూస్తోంది. పాపకి నాలుగురోజులుగా ముక్కు కొద్దిగా కారుతోంది, అంతకుమించి ఏమీ లేదు. నిద్రలో పెదవి విరిచింది, నవ్వింది, కనుబొమలు ముడిచింది. ఏదో పెద్ద సంగతి విన్నట్టు నిశ్చలమైపోయింది. పొట్ట కదల్లేదు. దూదమ్మ కూడా ఊపిరి బిగబట్టి చూసింది, ఏ కల చూస్తోందో అనుకుంటూ. పాప పెదవుల చుట్టూ ఒక నీలినీడ, మేఘం వెళ్తూ వెళ్తూ వేసినట్టు పడింది. అప్పుడు చిన్నగా ఎగపీల్చి మళ్ళీ ఊపిరి తీసుకుంది. నీడ పోయింది. పసివాళ్ళు నిద్రలో ఎక్కడెక్కడికో వెళ్ళొస్తారు కాబోలనుకుంది దూదమ్మ. తనకీ ఒక కునుకు పట్టింది.

మర్నాడు నర్సమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి బతిమాలడానికి కాదు, కాస్త గట్టిగానే మాట్లాడదామని.

"నేను పోట్లాడటానికొచ్చాను" అంది కూర్చుంటూ.

"ముందు మంచినీళ్ళు తాగు, పోట్లాటకి గొంతు తడవాలి కదా" అంది దూదమ్మ. నీళ్ళ గ్లాసు ఇస్తూ ఇస్తూ దగ్గడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, నాలుగు, పది. మధ్యలో ఊపిరికి సందు లేదు. ముఖం కందిపోయింది. గ్లాసు నర్సమ్మే అందుకుంది. దగ్గు ఆగాక దూదమ్మ గోడకి చేరగిలబడి, కళ్ళలో నీళ్ళు తుడుచుకుని, "ఆ, పోట్లాడు" అంది.

నర్సమ్మ పోట్లాడలేదు. "ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

"ముప్ఫై నాలుగేళ్ళ నుంచి."

"వేళాకోళం కాదండీ. ఇలా తెరలు తెరలుగా ఎన్నాళ్ళ నుంచి?"

"నెలయిందేమో. ఈసారి నుసి ఎక్కువ పట్టింది."

"దగ్గి దగ్గి వాంతవుతోందా?"

"రెండు మూడుసార్లయింది. నుసి గొంతులో అడ్డం పడితే అవదూ?"

"నుసి ఎక్కడుందమ్మా?" అంది నర్సమ్మ. "కింద మిషను ఆగి ఎన్నాళ్ళయింది?"

"తొమ్మిది రోజులు."

"మీ అల్లుడు దగ్గుతున్నాడా?"

దూదమ్మ చెవి రిక్కించింది. కింద అల్లుడు మోటారు బిగించడానికొచ్చినవాడితో ఏదో మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు. స్టార్టవని స్కూటరు ఎక్కడా లేదు. కూతురి కత్తెర దగ్గూ లేదు. ఈ తొమ్మిది రోజులుగా ఆ ఇంట్లో దగ్గుతున్నది తనొక్కతే. అరచేత్తో తడిమి గింజని పట్టుకునే మనిషికి తన ఛాతీలోనిది తెలియలేదు.

"దూది దగ్గు సెలవుల్లో తగ్గుతుందని మీరే నాకు చెప్పారొకసారి" అంది నర్సమ్మ మెల్లగా. "మీది తగ్గలేదు. అది కోరింత దగ్గేమో అనిపిస్తోంది నాకు."

"అది పిల్లలకి కదా వచ్చేది? కూత పెట్టినట్టు ఎగపీలుస్తారు. నేను విన్నాను చిన్నప్పుడు."

"పెద్దవాళ్ళకి కూత ఉండకపోవచ్చు. వదలని దగ్గులా నెలల తరబడి ఉంటుంది. చిన్నప్పుడు వచ్చినా, టీకా వేయించుకున్నా, ఆ రక్షణ ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. మరీ పసివాళ్ళకి కూడా కూత ఉండదు. ఒక్కోసారి దగ్గే ఉండదు. ఊపిరి ఆగిపోతుంది, అంతే. పాపకి ఎప్పుడైనా..."

నర్సమ్మ మాట పూర్తి కాకముందే దూదమ్మ లేచి నిలబడింది. నిన్నటి మేఘం, ఆ నీలినీడ ఆమె ముఖంలోకి వచ్చాయి. పాపను ఎత్తుకోబోయి చేతులు వెనక్కి తీసేసుకుంది. "నువ్వెత్తుకో" అంది. "నేను ముట్టుకోను. నువ్వే ఎత్తుకో తల్లీ."

ఆస్పత్రిలో పాపను పిల్లల వార్డులో చేర్చుకున్నారు. ముక్కులోంచి తీసిన నమూనా పరీక్షకి పంపారు. మూడోరోజుకి నర్సమ్మ అనుమానం నిజమైంది. పాప ఊపిరి రోజుకి ఐదారుసార్లు ఆగేది. పక్కనున్న యంత్రం కీచుమనేది, ఎవరో పరుగెత్తుకొచ్చి పాప వీపు తట్టి లేపేవాళ్ళు. కూతురు మంచం కమ్మి పట్టుకుని ఆ యంత్రం మీది అంకెల్నే చూస్తూ కూర్చునేది.

అక్కడి పెద్ద డాక్టరు చీటీ చూసి, "టీకా వేయించలేదా? మీలాంటివాళ్ళ వల్లే ఈ జబ్బులు పోవట్లేదు" అన్నాడు.

జీవితంలో ఎవరికీ ఎదురుచెప్పని కూతురు తలెత్తింది. "మాలాంటివాళ్ళంటే ఎలాంటివాళ్ళండీ?" అంది. డాక్టరు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంట్లో అందరికీ మందులిచ్చారు, పెద్ద మనవరాలికి కూడా. ఐదురోజుల మందు పూర్తయ్యేదాకా దూదమ్మ వార్డులోకి రాకూడదన్నారు. ఆమె ఇంటికీ పోలేదు. ఆస్పత్రి వెనక, ఉతికిన దుప్పట్లు ఆరేసే ఖాళీ జాగాలో ఒక బల్ల ఉంటే, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని అక్కడే కూర్చునేది. మూడో అంతస్తులో వార్డు కిటికీ. వందల దుప్పట్లు తెల్లగా గాలికి ఉబ్బేవి, కుంగేవి, ఆ పెరడంతా ఊపిరి తీస్తున్నట్టుండేది. గాలి పడిపోయి దుప్పట్లన్నీ ఒక్కసారి వేలాడిపోతే ఆమె గుండె కూడా ఆగేది. మళ్ళీ గాలి వీచేదాకా తనూ ఊపిరి పీల్చేది కాదు.

అలా ఓ సాయంత్రం నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చి బల్లకి ఆ చివర కూర్చుంది.

"నేనే ఇచ్చాను కదా దానికి" అంది దూదమ్మ గుడ్డ వెనకనుంచి.

"మీకెవరో ఇచ్చారు. వాళ్ళకింకెవరో."

"బుధవారం సూది వేయించుంటే వచ్చేది కాదా?"

నర్సమ్మ ఆలోచించింది. "అబద్ధం చెప్పను. ఒక్క విడతతో పూర్తి రక్షణ రాదు. అప్పటికే జబ్బు లోపలికి వెళ్ళిపోయి ఉండొచ్చు. మీ అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడే తనకి వేసుంటే పాప పుట్టేటప్పటికే కొంత రక్షణతో పుట్టేది. ఆ మందు మా కేంద్రానికి రాదు. రాయాల్సినవాళ్ళకి రాశాం, అడిగాం. ఇంకా అడుగుతున్నాం."

"ఫ్యాను లాగానా?" అంది దూదమ్మ.

నర్సమ్మకి ఫ్యాను సంగతి తెలుసు. "అలాగే" అంది.

దూదమ్మ మూడున్నరేళ్ళుగా లోపల దాచుకున్న మాటని మెల్లగా బయటికి తీసింది. "మా పెద్దదానికి ఆరోజు వచ్చింది సూది వల్లేనా?"

"ఆ వయసు పిల్లల్లో కొందరికి ఏ జ్వరం వచ్చినా ఫిట్స్ వస్తాయి. సూది వల్ల జ్వరం వచ్చింది, జ్వరం వల్ల ఫిట్స్ వచ్చాయి."

"అంటే సూది వల్లే."

"అవును" అంది నర్సమ్మ.

దూదమ్మ కళ్ళు మూసుకుంది. అంత చిన్న మాట కోసం మూడున్నరేళ్ళు పట్టింది. ఎవరన్నా ముందే అని ఉంటే ఆమె ఇన్నాళ్ళు ఒంటరిగా ఆ రెండు నిమిషాల్లో చిక్కుకుపోయేది కాదు.

"కొన్ని వేలమందిలో ఒకరికి అలా అవుతుంది" అంటోంది నర్సమ్మ. "చూడటానికి ప్రాణం పోతుంది. కానీ అది ఆగాక పిల్ల మామూలైపోతుంది, మీ పెద్దదాన్ని చూడండి, వీధి వీధంతా దాని గొంతే. ఇటు చూస్తే ఈ దగ్గు. దీనితో ఆస్పత్రిలో పడిన పసిపిల్లలు నూరుమందిలో ఒకరు ఇంటికి రారు. వేలల్లో ఒకరికి రెండు నిమిషాల భయం ఒకవైపు, నూరులో ఒకరు ఇంకోవైపు. జ్వరం తక్కువ తెప్పించే రకం టీకా కూడా ఉంది, దాని రక్షణ కాస్త తొందరగా తగ్గుతుందంటారు. మా దగ్గరున్నది పాతరకమే. ఇదీ సంగతి. ఇంతకన్నా తీపిగా చెప్పడం నాకు రాదు."

"తీపి అక్కర్లేదు" అంది దూదమ్మ. "నేనేం చేశానంటే, ఇన్నాళ్ళూ ఆ ఒక్క సాయంత్రాన్నే చూశాను. ఇంకోవైపు ఏముందో ఎవరూ చూపించలేదు, నేనూ చూడలేదు. ఏదో ఎప్పుడో పోయిన రోగం అనుకున్నాను. అది నా రొమ్ములోనే పడుకునుంది."

పన్నెండో రోజున పాప ఇంటికొచ్చింది. తూకం తగ్గి, మెడ సన్నబడి, కళ్ళు మాత్రం పెద్దవై. చివరిసారి ఊపిరి ఆగి అప్పటికి ఆరురోజులు. ఇంకో పదిహేను రోజులాగి, పాప కోలుకున్నాక టీకా వేయొచ్చన్నారు. ఆ మాట చెప్పినప్పుడు కూతురు తల్లి వైపు చూడలేదు. "వేయిస్తాను" అంది.

"నేను తీసుకెళ్తాను" అంది దూదమ్మ.

"నువ్వా? దారిలో మనసు మార్చుకుని వెనక్కి తెచ్చేస్తావు."

"అయితే ఇద్దరం వెళ్దాం. నన్ను చూడ్డానికి నువ్వు, పాపని చూడ్డానికి నేను."

"మరి నన్ను చూడ్డానికెవరు అత్తయ్యా?" అన్నాడు అల్లుడు కిందనుంచి. అప్పటికి మిషను మళ్ళీ హోరుమంటోంది, స్కూటరు మళ్ళీ దగ్గుతోంది.

గడువు దాటాక వచ్చిన బుధవారం కూతురు సగంరోజు పని మానేసింది. సూది పడగానే పాప గుక్కపట్టింది. ఆ గుక్కలో ఊపిరి ఆగిన ఒక్క క్షణం దూదమ్మ పాప పెదవుల వైపే చూసింది. ఆ వెంటనే పాప ఏడుపు కేంద్రం కప్పు ఎగిరిపోయేలా వినిపించింది. అంత గట్టి ఏడుపు ఆస్పత్రి నుంచి వచ్చాక అదే మొదలు. దూదమ్మకి అది విన్నంతసేపు ఇంకా వినాలనిపించింది.

మధ్యాహ్నం మూడింటికి జ్వరం వచ్చింది. వస్తుందని నర్సమ్మ ముందే చెప్పింది. చుక్కల మందు ఎంత వేయాలో, ఒళ్ళు ఎలా తుడవాలో, ఒకవేళ ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టి నోట్లో ఏమీ పెట్టకూడదని, ఐదు నిమిషాలు దాటితే పరుగెత్తాలని, అన్నీ చెప్పి తిరిగి ఆమెచేత చెప్పించుకుంది. దూదమ్మ మందు వేసింది. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచింది. పాప పొట్టమీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. కింద మిషను హోరుకి నేల వణికింది. ఎండ గోడమీదినుంచి జరిగింది. అరచేతి కింద పొట్ట లేచింది, దిగింది. లేచింది, దిగింది. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు, ఒక్కటీ వదల్లేదు. మధ్యలో ఒకసారి ఆమెకి కునుకొచ్చింది. ఆ కునుకులో కాళ్ళూ చేతులూ కొట్టుకోలేదని చెప్పలేం, కొట్టుకున్నాయి. ఉలిక్కిపడి లేచింది. అరచేతి కింద పొట్ట లేస్తోంది, దిగుతోంది. దీపాలు పెట్టే వేళకి ఒళ్ళు చల్లబడింది.

ఆ తర్వాతి బుధవారం నుంచి దూదమ్మ పొద్దున ఒక గంట కేంద్రంలో కనిపించసాగింది. రమ్మని ఎవరూ పిలవలేదు. తల్లులు పిల్లలతో కూర్చునే బల్లమీద ఒక చివర సర్దుకుని, పక్కనున్నవాళ్ళతో మాటలు కలిపేది.

"జ్వరం వస్తుందమ్మా. సూది పడ్డచోట వాస్తుంది కూడా. మా పెద్ద మనవరాలికైతే ఫిట్సే వచ్చాయి" అనేది, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా. ఆ తర్వాత చిన్నదాని సంగతి చెప్పేది. దుప్పట్ల పెరడూ, నీలినీడా, కీచుమనే యంత్రమూ, ఏదీ దాచేది కాదు. "రెండూ చూశాను. రెండూ నా ఒళ్ళోనే. రెండోది ఇంకెవరికీ వద్దు."

నర్సమ్మ ఆమెను పక్కకి పిలిచింది. "మీరు ఫిట్స్ మాట అంటే సగంమంది లేచిపోతారు దూదమ్మగారూ. నా కడుపు కొట్టకండి."

"చెప్పకపోతే మాత్రం కూర్చుంటారా? కూర్చున్నా, ఒక్కరికి జరిగితే ఆ ఒక్కరూ నాలా మొండికేస్తారు, వాళ్ళని చూసి వీధంతా ఆగిపోతుంది. ముందే చెబితే, జరిగినప్పుడు నీ దగ్గరికొస్తారు."

"మా పైవాళ్ళు వింటే నా ఉద్యోగం ఊడుతుంది."

"నీ పైవాళ్ళని కూడా ఈ బల్లమీదికి రమ్మను. వాళ్ళకీ చెబుతాను."

నర్సమ్మ నవ్వాలో కోప్పడాలో తెలియక లోపలికి వెళ్ళిపోయింది. దూదమ్మ వచ్చి మళ్ళీ బల్లమీద కూర్చుంది. పక్కన ఇరవైఏళ్ళ పిల్ల, మొదటి కాన్పు. ఒళ్ళో నెలన్నర బాబు. అందరికన్నా శ్రద్ధగా వింది ఆ పిల్లే. వింటూ వింటూ రంగు తగ్గిపోయింది.

"మీకు భయం వెయ్యలేదా?" అంది.

"వేసింది. ఇప్పటికీ వేస్తుంది."

ఆ పిల్ల బాబుకి కప్పిన గుడ్డ సర్దుకుంది. లేచింది. వరసలో తన ముందు ఇంకా ఇద్దరున్నారు. వాళ్ళవైపు చూడకుండా, చెప్పులు వెతుక్కుని, గుమ్మం దాటి వీధిలోకి నడిచింది. బల్లమీది మిగతా తల్లులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. లోపలనుంచి నర్సమ్మ చూపు సూటిగా దూదమ్మకి తగిలింది.

దూదమ్మ మోకాళ్ళమీద చేతులానించి లేచి, బయటికి వచ్చింది. ఎండలో ఆ పిల్ల అప్పుడే మలుపు దగ్గరికి చేరుతోంది, బాబు తల భుజంమీద ఊగుతోంది.

"అమ్మాయీ, కాస్త ఆగు" అంది దూదమ్మ. "నిన్ను వెనక్కి రమ్మనను. ఇల్లెక్కడో చెప్పు, అక్కడిదాకా నేనూ వస్తాను. నీ భయమేంటో నాకు చెప్పు."

ఆ పిల్ల ఆగలేదు, కానీ నడక తగ్గించింది. దూదమ్మ తన నడక పెంచింది.